కింది గోల్ వెనక గట్టు

వాటీ పెట్టిగ్రూ ఫుట్‌బాల్ మైదానంలో తెల్ల గీతలు గీసే బండిని తోసుకుంటూ మధ్య గీత చివరికి వచ్చి ఆగాడు. వెనక్కి తిరిగి చూసుకున్నాడు. తెల్ల గీత తిన్నగానే వచ్చింది. నలభై ఏళ్లుగా తిన్నగానే వస్తోంది. అయినా ప్రతి శనివారం పొద్దున ఇలా ఒకసారి తిరిగి చూసుకోనిదే అతనికి తోచదు. మనిషి పొట్టి. గనిలో చేసిన చాకిరీకి ఎడమ భుజం కాస్త కుంగింది. సముద్రపు గాలికి ముక్కు ఏడాది పొడుగునా ఎర్రగానే ఉంటుంది. మాట మహా పొదుపు.

ఆకెన్‌బర్న్ విక్టోరియా క్లబ్బు మైదానం వాలుగా ఉంటుంది. పై గోల్ దగ్గర నిలబడితే కింది గోల్‌కీపర్ కాళ్లు కనిపించవని పొరుగూళ్లవాళ్లు ఎగతాళి చేస్తారు. అంత లేదు, పిక్కల దాకా కనిపిస్తాయి. వెనకటి గని కార్మికులు షిఫ్టు దిగి, ఒంటి మీది మసి కడుక్కోకుండానే వచ్చి ఈ నేలను చదును చేశారు. అయినంత మేర అయింది. తవ్విన రాళ్లూ, గనిలోంచి వచ్చిన చెత్తా కింది గోల్ వెనక పోస్తే అది గట్టయింది. ఎదురుగాలి కొడుతుంది కాబట్టి దాని మీద ఎవరూ కూర్చోరు. క్లబ్బు బార్లో గోడ మీద జిల్లా కప్పు గెలిచిన ఏటి ఫొటో ఉంది. నడిమి పాపిడి తీసిన పదకొండుగురు. వాళ్లలో సగం మంది ఆ తర్వాత గని దుమ్ముకు ఊపిరాడకే పోయారు. గని మూతబడింది, ఊరు చిక్కిపోయింది, క్లబ్బు మాత్రం చావలేదు. ప్లంబర్లూ, పోస్టుమన్లూ, లారీ డ్రైవర్లూ వారానికి రెండు సాయంత్రాలు వచ్చి సాధన చేస్తారు, శనివారం ఆడతారు, ఎక్కువగా ఓడతారు. గని పోయాక వాటీకి దొరికిన పని ఈ గడ్డి. అతని భార్య ఇష్బెల్‌కి ఫుట్‌బాల్ అంటే గిట్టేది కాదు. బురద బూట్లు గుమ్మం బయట విప్పితే చాలనుకుని కాపురం చేసింది. ఆమె పోయి చాలా కాలమే అయింది.

సోమవారం యంత్రాలు వస్తాయి. ఈ గడ్డి అంతా చెక్కేసి, వాలు సరిచేసి, ప్లాస్టిక్ పచ్చిక పరుస్తారు. దానికి నీళ్లక్కర్లేదు, గీతలక్కర్లేదు, వాటీ అక్కర్లేదు. ఇవాళే ఆఖరి ఆట.

అది అతన్ని అంతగా బాధపెట్టలేదు. బాధపెట్టింది క్లబ్బు సెక్రటరీ గ్రెగర్‌కి వచ్చిన ఆలోచన. గ్రెగర్ బడిపంతులు, మంచివాడు. మంచివాళ్ల ఆలోచనలు ఎప్పుడూ ఇంకొకరి నెత్తిన పడుతుంటాయి. ఆట అయ్యాక, పోయినవాళ్ల బూడిద మైదానంలో చల్లిన కుటుంబాలన్నీ మధ్య గీత మీది నడి చుక్క దగ్గరికి వస్తాయనీ, తలా ఒక చదరం గడ్డి కోసివ్వాలనీ అతను పొద్దున్నే వచ్చి చెప్పాడు.

"వాళ్లవాళ్లంతా అక్కడే కదా ఉన్నారు. నీ చేత్తో కోసిస్తే బాగుంటుంది పెద్దాయనా," అన్నాడు.

"గట్టు సంగతేంటి?" అని అడిగాడు వాటీ.

"ఆ చెత్తదిబ్బా? అదీ పోతుంది. లారీలకు దారి కావాలిగా."

వాటీ బండి చక్రానికి అంటిన రంగు గుడ్డతో తుడుస్తూ కూర్చున్నాడు. తుడిచిన చోటే మళ్లీ తుడిచాడు.

ఊళ్లో క్లబ్బు అభిమాని ఎవరైనా పోతే, దహనం అయ్యాక బూడిద తెచ్చి మైదానం నట్టనడుమ చల్లడం ఆనవాయితీ. మొదటిసారి అలా జరిగినప్పుడు వాటీ పనికి కొత్త. గాలి లేని రోజు. ఉన్నదంతా ఒక్కచోటే కుమ్మరించి వెళ్లారు. కొన్నాళ్లకు నడి చుక్క చుట్టూ గడ్డి మాడి, చాపంత మేర బోడి అయింది. మనిషి బూడిద గడ్డికి గిట్టదు. కమిటీవాళ్లు వాటీని పిలిచి చీవాట్లు పెట్టారు. అతను కారణం చెప్పలేదు. పోయినవాడి భార్యే అప్పుడు కమిటీవాళ్లకు టీ పోస్తోంది.

మాడిన చోట మన్నంతా తవ్వి గట్టు మీద పోసి, కొత్త గడ్డి వేశాడు. రెండోసారి నుంచి పద్ధతి మార్చాడు. కుటుంబం వచ్చి చల్లుకునేది, తలలు వంచుకుని నిలబడేది. ఒక్కోసారి బ్యాగ్‌పైపు ఊదేవాడూ వచ్చేవాడు. వాళ్లంతా శాండ్‌విచ్‌లు తినడానికి బార్లోకి వెళ్లాక, వాటీ మెత్తటి చీపురుతో అందినంత ఊడ్చి, తోపుడుబండిలో గట్టు మీదికి చేర్చి, మన్ను కలిపి కప్పేవాడు. మిగిలింది నీళ్లతో కడిగేవాడు. టోపీ తీసి కాసేపు నిలబడేవాడు. అలా ఇరవై మందికి పైనే. ఇష్బెల్‌కి కూడా చెప్పలేదు. మోసం చేస్తున్నానని అతను ఏనాడూ అనుకోలేదు. శనివారానికి గడ్డి ఉండాలి, అంతే.

ఇప్పుడు నోరు విప్పకపోతే వాళ్లంతా సోమవారం లారీ ఎక్కి పోతారు. వాళ్ల భార్యలు ఉత్త గడ్డికి నీళ్లు పోసుకుంటూ కూర్చుంటారు. విప్పితే, నలభై ఏళ్లు దారిలో ఆపి పలకరించినవాళ్లు ఇక మొహం చూడరు. వాటీకి ఊళ్లో ఆస్తి అంటూ ఏమైనా ఉంటే ఆ పలకరింపే.

ఆట గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. మొదటి సగం ఎగువకు ఆడి ఒక గోల్ తిన్నారు, రెండో సగం దిగువకు ఆడి ఒకటి వేశారు, చివర్లో ఇంకోటి తిన్నారు. జనం మటన్ పైలు తిన్నారు, చల్లటి వేళ్లను గొడ్డుమాంసం చారు కప్పులకు చుట్టి కాచుకున్నారు. సోమవారం నుంచి ప్లాస్టిక్ గడ్డికి దువ్వెన పెడతావా అని ఎవరో వాటీని ఆటపట్టించారు. అందరూ నవ్వారు. అతనికి వినపడలేదు.

ఆట ముగిశాక నడి చుక్క దగ్గర వరస కట్టారు. గడ్డి పట్టుకెళ్లడానికి ఖాళీ ఐస్‌క్రీం డబ్బాలు, బిస్కెట్ల రేకు డబ్బాలు, ఒక పూలకుండీ. అందరికంటే ముందు సెంగా లామంట్, చేతిలో అంచు పెచ్చులూడిన ఎనామిల్ బేసిను. ఆమె భర్త బ్రైస్ ఒకప్పుడు ఈ జట్టులోనే లెఫ్ట్ వింగ్ ఆడేవాడు. వాటీ పార మోపి, బూటుతో తొక్కి, నాలుగు పక్కలా కోసి చదరాన్ని పైకెత్తాడు. గడ్డి వేళ్లు తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి. సెంగా బేసిను ముందుకు పట్టింది. అతని చేతులు చదరాన్ని అందులోకి దించలేకపోయాయి.

"బ్రైస్ ఇక్కడ లేడు సెంగా," అన్నాడు.

ఆమెకు అర్థం కాలేదు.

"ఇక్కడ ఎవరూ లేరు. బూడిద పడితే గడ్డి చచ్చిపోతుంది. మీరు వెళ్లాక ఊడ్చేసేవాణ్ని. అందరూ ఆ గట్టు మీదున్నారు."

అతను అంత పొడుగు మాట మాట్లాడటం ఊరివాళ్లు వినడం అదే మొదలు. వరస వెనక నుంచి ఒక భారీ మనిషి తోసుకుంటూ ముందుకొచ్చాడు.

"మా నాన్నని చీపురుతో ఊడ్చావా?"

"మెత్తటి చీపురే," అన్నాడు వాటీ. సమర్థించుకోవడానికి అన్న మాట కాదు, నిజంగానే అది మెత్తటిది. గ్రెగర్ ఇద్దరి మధ్యా వచ్చి నిలబడ్డాడు. ముందే ఎందుకు చెప్పలేదని అతను అడిగితే, ఎవరూ అడగలేదన్నాడు వాటీ.

సెంగా గట్టు వైపు చాలాసేపు చూసింది.

"ఏ పక్కన?"

"ఎడమ పక్క. మూల జెండాకి దగ్గర్లో."

ఆమె బేసినును చంకన పెట్టుకుని ముక్కు తుడుచుకుంది. ఏడుస్తుందనుకున్నారు అందరూ.

"మా ఆయన అన్నేళ్లు ఆ గోల్‌కి గురిపెట్టి కొడితే, బంతులన్నీ ఎగిరి ఆ గట్టు మీదే పడేవి," అంది. "ఇక వేరే ఎక్కడుంటాడులే. పద, చూపించు."

ముందు ఎవరో ముక్కుతో నవ్వారు. తర్వాత వరసంతా నవ్వింది. ఆ భారీ మనిషి కూడా, కళ్లు తుడుచుకుంటూనే. అందరూ వాలు దిగి గట్టెక్కారు. వాటీ అక్కడ గడ్డి కోస్తూ, అంతా కలిసిపోయి ఉంటారనీ, ఇది అచ్చంగా మీవాడిదేనని చెప్పలేననీ అన్నాడు. ఫరవాలేదు, అందరూ తెలిసినవాళ్లే కదా అన్నారు. గ్రెగర్ పక్కకు వెళ్లి కాంట్రాక్టరుకు ఫోన్ చేసి, లారీలకు ఇంకో దారి చూసుకొమ్మన్నాడు. అందరూ అంత తేలిగ్గా తీసుకోలేదు. ఒకావిడ ఖాళీ డబ్బాతోనే ఇంటికి వెళ్లిపోయింది. ఆమె వాటీతో మళ్లీ మాట్లాడలేదు.

వాటీ తాళాలు గ్రెగర్‌కి అప్పజెప్పాడు. ప్లాస్టిక్ పచ్చిక చూడటానికి ఒక్కసారి కూడా వెళ్లలేదు. రెండు వారాలకోసారి, శనివారం మధ్యాహ్నం ఆట మొదలయ్యే వేళకు మాత్రం సెంగా వంటింటికి వెళ్లేవాడు. కిటికీలో బేసిను ముందు నిలబడి, జేబులోంచి కత్తెర తీసి, గడ్డిని అంచుకు సమానంగా కత్తిరించేవాడు. మా ఆయనకి క్షవరం చేయడానికి వచ్చావా అనేది సెంగా. అతను తల వంచి, గడ్డి తిన్నగా వచ్చిందో లేదో చూసుకునేవాడు. తర్వాత టీ తాగి, పెద్దగా ఏమీ మాట్లాడకుండానే వెళ్లేవాడు. ఆ పూటలు అతనికి బాగుండేవి. ఆమెకూ బాగుండేవి.

మార్చిలో ఒక తెల్లవారుజామున వాటీ నిద్రలోనే పోయాడు. అతన్నీ గట్టు మీదే కలుపుతారని ఊరంతా అనుకుంది. కానీ అది ఆటవాళ్ల చోటనీ, తనని ఇష్బెల్ పక్కన పెట్టమనీ ముందే చెప్పి ఉంచాడట. అలాగే కొండ మీది శ్మశానంలో పూడ్చారు. వచ్చినవాళ్లు ఎక్కువే.

ఆ తర్వాతి శనివారం సెంగా అలవాటుకొద్దీ ఇద్దరికి టీ పెట్టింది. బేసినులో గడ్డి అంచు దాటి, వెలుతురు కోసం కిటికీ అద్దానికి ఒరిగి ఉంది. దాని పక్కన, కిందటిసారి అతను జేబులో వేసుకోవడం మరిచిపోయిన కత్తెర, రెండు బ్లేడుల మధ్య ఒక గడ్డిపోచ ఎండి అతుక్కుని.