పీరాంబీ చెయ్యి

పొద్దున వంట చేస్తుండగా పీరాంబీ ఇల్లు అంటుకుంది. ఆమెను ఎక్కించుకున్న 108 ఇంకా సందు మలుపు తిరగకముందే వలి బాషా మనుషులు ఇద్దరొచ్చి, కాలకుండా మిగిలిన సెంటు డబ్బాలను మోసుకుపోయారు. ఎదురింటి గడపలో నిలబడి రషీదా అంతా చూసింది. పీరాంబీ దారిలోనే పోయింది. పోలీసులు వచ్చేసరికి ఆ గదిలో గ్యాస్ పొయ్యి ఒక్కటే ఉంది. పొయ్యి అంటుకొని చనిపోయిందని రాసుకొని వెళ్లారు.

ప్రొద్దుటూరులోని ఆ సందులో నలభై ఇళ్లు. నలభై ఇళ్లలోనూ ఆడవాళ్లు అగరబత్తీలు చుడతారు. బొగ్గుపొడి ముద్దను వెదురుపుల్లకు అరచేత్తో రుద్ది రుద్ది ఎక్కిస్తారు. పొడీ పుల్లలూ ఇచ్చేది వలి బాషా, తయారైన సరుకును పులివెందుల దాకా అమ్ముకునేదీ వలి బాషానే. పోయిన ఏడాది వరకు సెంటులో ముంచే పని అతని గోడౌనులో జరిగేది. భగ్గున మండే సరుకు, జనం మధ్య ఉంచొద్దని అధికారులు నోటీసిచ్చారు. పెద్దమనిషి బుద్ధిగా పాటించాడు. డబ్బాలన్నీ గోడౌనులోంచి తీయించి, ఇక్కడా జమ్మలమడుగులోనూ తనకు చుట్టే ఆడవాళ్ల వంటగదుల్లో, మంచాల కింద పెట్టించాడు. ఇంట్లో కూర్చొని చేసుకునే పని, మీ మంచికేనన్నాడు. రషీదా కూడా నమ్మింది. ఆమె మంచం కింద రెండు డబ్బాలున్నాయి. ఆ మంచం మీదే కూతురు ఆర్షియా పడుకుంటుంది.

మరునాడు పీరాంబీ మయ్యత్ దగ్గరికి, శవాన్ని ఉంచిన చోటికి, వలి బాషా తెల్లబట్టల్లో వచ్చాడు. వెలిగించమని అగరబత్తీల పెట్టె ఇచ్చి కళ్లు తుడుచుకున్నాడు.

"పాపం, నా కాడ పని చేసే మనిషి కాదు గానీ, మన మొహల్లా మనిషి గదా" అన్నాడు.

పదకొండేళ్లు ఆమె చుట్టినవి అమ్ముకున్నవాడు ఆ మాటను తడబడకుండా అన్నాడు. రషీదా పెట్టె విప్పి ఒక బత్తీ తీసింది. వెలిగించబోయి ఆగింది. బత్తీ మొదలులో, వెదురుపుల్ల బయటపడే చోట, చిన్న బొడిపె వేలికి తగిలింది. పీరాంబీ చిటికెనవేలు చిన్నప్పుడు విరిగి వంకరగా అతుక్కుంది. చెయ్యి పూర్తిగా ఆనక, ఆమె చుట్టిన ప్రతి బత్తీకీ అక్కడ ముద్ద కాస్త మిగిలేది. రషీదా ఇంకోటి తీసింది. దానికీ ఉంది.

పక్కన కూర్చున్న వెంకటసుబ్బమ్మకు చూపు సరిగా ఆనదు. ముప్పై ఏళ్లుగా చుడుతున్న మనిషి, వేళ్లతో తడిమింది.

"పీరాంబీదే. దాని శవానికి దాని బత్తీనే తెచ్చినాడే" అంది.

రషీదాకు ఏడుపు రాలేదు, ఒళ్లంతా మండింది. బత్తీలు వెలిగించకుండా కొంగున ముడేసుకుంది.

పీరాంబీ వలి బాషా కూలీయే అనడానికి గుర్తుగా ఆడవాళ్లు వాటినే లేబర్ ఆఫీసులో చూపించారు. బత్తీ సాక్ష్యం చెబుతుందా, ఆమె అతని దగ్గర పనిచేసినట్టు కాగితం తెమ్మన్నారు అక్కడివాళ్లు. తిరిగొచ్చి అందరూ వెంకటసుబ్బమ్మ వాకిట్లో చేరారు.

"కాగితం యాడనుంచి తెస్తాం? ఇంగ ఊరుకుందాం" అంది షహనాజ్. "వలీ భాయ్ మనోడు. పనికి ఎసరొస్తే ఏం తింటాం?"

"మనోడైతే డబ్బాలు వాళ్ల మంచం కింద పెట్టుకోవల్ల" అంది రషీదా. "రేపు నా ఆర్షియా, ఎల్లుండి నీ బిడ్డ. పీరాంబీ తన కాడ పని చెయ్యలేదంటాండాడంటే, ఆ డబ్బాలూ తనవి కావనే గదా. కానోటిని పారబోస్తే ఆయప్పకేం నష్టం?"

చివరికి షహనాజే లేచి ఇంట్లోకి పోయి తన డబ్బా తెచ్చి వాకిట్లో పెట్టింది.

"అగ్గిపెట్టె ఎవురి కాడా ఉండగూడదు" అని వెంకటసుబ్బమ్మ ఒక్కొక్కరి కొంగూ తడిమి మరీ బయలుదేరదీసింది.

ముప్పైతొమ్మిది మంది గోడౌను ముందున్న ఇసుకగుంతలో డబ్బాలు వంచారు. బజారంతా మల్లె, గంధం వాసన కమ్మేసింది. వలి బాషా చెప్పులు లేకుండా పరిగెత్తుకొచ్చాడు.

"నా సరుకు! నా సరుకంతా నాశనం చేస్తాండారు!"

గంటలో పోలీసులొచ్చి అందరినీ వ్యానెక్కించారు. స్టేషన్లో ఎస్సై ఫిర్యాదు చదివాడు. బత్తీలు ముంచే పని కోసం తన గోడౌను నుంచి ఈ ఆడవాళ్ల ఇళ్లకు పంపిన సెంటు డబ్బాలను దురుద్దేశంతో పారబోశారని వలి బాషా సంతకం పెట్టి రాసిచ్చాడు.

"ఇంగోసారి చదవండి సార్" అంది రషీదా. "డబ్బాలెవురివి? ఎందుకు పంపినాడు?"

డబ్బాలు తనవేనని, వీళ్లు తన పనివాళ్లేనని తానే రాసిచ్చినట్టు వలి బాషాకు అప్పుడు అర్థమైంది. కాగితం కోసం చెయ్యి చాచాడు. ఆడవాళ్లు బల్లచుట్టూ అడ్డంగా నిలబడ్డారు. లాఠీ లేచింది. షహనాజ్ భుజం మీద పడింది. ఎవరూ కదల్లేదు. ఆ కాగితం బల్ల మీదే ఉండిపోయింది.

కానిస్టేబుల్ పేర్లు రాయసాగాడు. రషీదా పేరు పక్కన గృహిణి అని రాస్తుంటే ఆపింది.

"అగరబత్తీ కూలీ అని రాయండి. లేకుంటే వేలిముద్ర వెయ్యం."

ముప్పైతొమ్మిది మందీ అదే చెప్పారు. విసుక్కుంటూ అతను అదే రాశాడు. పుస్తకం మూయబోతుంటే రషీదా ఇంకో పేరు చెప్పింది.

"పీరాంబీ. అగరబత్తీ కూలీ."

"ఆయమ్మ యాడుంది?"

రషీదా కొంగుముడి విప్పి బత్తీలను ఫిర్యాదు కాగితం మీద పెట్టింది. అతను ఏం చెయ్యాలో తెలియక ఎస్సై వైపు చూశాడు.

బయట గేటు దగ్గర అరుపులు వినపడ్డాయి. కబురు విని జమ్మలమడుగు నుంచి వచ్చిన ఆడవాళ్లు తమ ఇళ్లలో వలి బాషా పెట్టించిన డబ్బాలను చంకనెత్తుకొని నిలబడ్డారు. తమ పేర్లు కూడా రాసుకొమ్మంటున్నారు.