వినబడని మొదటి గంట

ఆ లిఫ్టును నడిపే కెర్నల్ అనే మూల ప్రోగ్రాం రాసింది ఆమే. నాలుగు నెలలుగా అది వందసార్లలో ఒకసారి, ఆన్ చేయగానే మొరాయిస్తోంది. ఎందుకో చూసేలోపే ఎవరో కరెంటు తీసి మళ్ళీ పెడతారు. లిఫ్టు బుద్ధిగా పనిచేస్తుంది, ఆధారం కాస్తా మాయమవుతుంది. తప్పు వైరింగుదేనని ఆమె పై అధికారులకు రాసిచ్చింది కూడా.

ఆ మధ్యాహ్నం ఆమె లిఫ్టు లోపల కూర్చుని, ల్యాప్‌టాప్‌ని లిఫ్టు బోర్డుకు తగిలించి పరీక్షిస్తుండగా కరెంటు పోయి వచ్చింది. రెండంతస్తుల మధ్య లిఫ్టు ఆగిపోయింది. లైటు మళ్ళీ వెలగలేదు, ఫ్యాను తిరగలేదు. తలుపు సందులోంచి సిమెంటు గోడ తప్ప ఏమీ కనిపించలేదు. ఇరుకు చోట్లంటే ఆమెకు చిన్ననాటి నుంచి హడల్.

పైనుంచి మెకానిక్ గొంతు వినిపించింది. అక్కడ అందరికీ ఆయన బాబాయే.

“కంగారుపడకమ్మా. మెయిన్ ఆపేసి చేత్తో తిప్పి దించేస్తాను. పది నిమిషాల పని.”

“మెయిన్ ఆపకండి బాబాయ్. ఆపితే మళ్ళీ నాలుగు నెలలు వెతుక్కోవాలి.”

“ఊపిరాడుతోందా అసలు?”

“ఆడుతోంది,” అంది. ఆడటం లేదనే అనిపిస్తోంది. అడకత్తెరలో పోకచెక్కలా మోకాళ్ళు ముడుచుకుని తెర చూసింది.

కెర్నల్ మేలుకోగానే టైమర్‌కి ఒక అంకె ఇస్తుంది. టైమర్ సున్నాకి దిగి గంట కొట్టాలి, అంటే కెర్నల్‌కి ఒక సంకేతం పంపాలి. అది వింటేనే కెర్నల్ ముందుకు కదులుతుంది. తెరమీద అంకె సున్నా. గంట మోగిపోయింది. కెర్నల్ ఇంకా ఎదురుచూస్తూనే ఉంది.

తన కోడ్ తెరిచింది. ముందు టైమర్‌ని కదిలించి, ఆ తర్వాతే గంట వినే దారి తెరిచింది తను. బోర్డు కాస్త నెమ్మదిస్తే చాలు, ఆ రెండు పంక్తుల సందులో గంట వృథాగా మోగిపోతుంది.

తెరను ఫొటో తీసుకుని, “ఇప్పుడు ఆపండి బాబాయ్,” అంది. పైకి వినిపించలేదు. రెండోసారి అరవాల్సి వచ్చింది.

లిఫ్టు జానెడు జానెడుగా దిగింది. తలుపు తెరుచుకోగానే గోడ పట్టుకుని బయటికొచ్చింది.

“తప్పు మీ వైర్లది కాదు. నాదే.”

ఆయన చేతులు తుడుచుకున్నాడు. “మూడుసార్లు విప్పించావు కదమ్మా, నాచేత.”

“అవును. పై అధికారులకు నేను రాసిచ్చింది సాయంత్రంలోగా నేనే దిద్దుతాను.”

“ముందు నీళ్ళు తాగు. తర్వాత దిద్దుదువుగాని.”

కోడ్‌లో ఆ రెండు పంక్తుల వరుస మార్చింది. రెండు రోజుల్లో మూడువేలసార్లు ఆన్ చేసినా లిఫ్టు ఒక్కసారీ మొరాయించలేదు. ఆమె మాత్రం ఆ ఏడాదంతా మెట్లే ఎక్కింది.