చూడవలసినవి అయిపోయాయి

“అటు ఒరగకండమ్మా! తొట్టి బోల్తా పడితే మీకు తలస్నానం, నాకు చీవాట్లు!”

ఆ మాటకు నవ్వని యాత్రికులుండరు. కినుయె మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్క తెడ్డును నీళ్ళలో అటూ ఇటూ మెలితిప్పుతూ పడవలా తేలే దేవదారు తొట్టిని రేవులో నడుపుతోంది. అరవై దాటిన మనిషి, ఒంటరి ప్రాణం. గుండ్రటి ముఖం, ఎండకు రాగిరంగు తేలిన చెంపలు, పేనిన తాళ్ళలాంటి ముంజేతులు, తలమీద గడ్డితో అల్లిన వెడల్పు టోపీ. ఒకప్పుడు సాదో దీవి ఆడవాళ్ళు ఈ తొట్లలోనే నాచూ నత్తగుల్లలూ ఏరుకుని బతికారు. ఇప్పుడు ఊరు చూడవచ్చినవాళ్ళను తిప్పుతున్నారు. “నత్తలే నయం, ఫొటోలు తీయమనవు” అంటుంది కినుయె.

ఈవేళ మాత్రం ఆమె మనసు మనసులో లేదు. సెంకిచి వచ్చే రోజు.

సెంకిచిది సముద్రానికి అవతల, ఒడ్డుకు దూరంగా లోపలి ఊరు. బేరి తోటల రైతు, భార్య పోయినవాడు. ఏటా కోతలయ్యాక ఓడెక్కి వస్తాడు. ఆమె తొట్టే ఎక్కుతాడు. దిగేముందు, “ఈసారి ఏం చూడమంటారు?” అని అడుగుతాడు. మొదటి ఏడు, ఓడల వడ్రంగులు ఓడచెక్కలతోనే కట్టుకున్న ఇళ్ళు చూడమంది. ఆ తర్వాత వెనకటి బియ్యం ఓడలను కట్టేసిన తెల్లరాతి గుంజలు, ఓడల షావుకారు లోగిలి, గాలికి లేచిపోకుండా రాళ్ళు పేర్చిన ఇంటికప్పులు, కొండగుహలోని రాతి విగ్రహాలు. ఎంతని చూపిస్తుంది? గుప్పెడంత ఊరు. పోయినేడు గతిలేక పోస్టాఫీసు చూడమంది. పాపం, టోపీ తీసి మరీ చూశాడు!

ఇక ఏమీ మిగల్లేదు. చూడ్డానికేమీ లేకపోతే ఏ వంక పెట్టుకుని వస్తాడు? ఆ దిగులుతో వారం నుంచి ఆమెకు ముద్ద దిగడం లేదు.

“ఏదో ఒక బావి చూపించి, దెయ్యం ఉందని చెప్పు వదినా,” అంది పక్క తొట్టి నడిపే మసుయొ.

“ఊరుకోవే! జడిసి పారిపోతే?”

“నిన్ను చూసి పారిపోనివాడు దెయ్యానికి జడుస్తాడా!”

మధ్యాహ్నం ఓడకు సెంకిచి దిగాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో బేరిపళ్ళ బుట్ట. తొట్టి ఎక్కాడు. రేవంతా తిప్పింది. ఒడ్డు దగ్గరపడింది.

“ఈసారి ఏం చూడమంటారు?”

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. పోస్టాఫీసు ముందు టోపీ తీసిన మనిషితో అది చెప్పడానికి ప్రాణం ఒప్పలేదు.

“చూడాల్సినవి అయిపోయాయండీ. మా ఊరింతే,” అంది.

“హమ్మయ్య!” అన్నాడు సెంకిచి. “ఎప్పటికి అవుతాయా అని ఏళ్ళ తరబడి కాచుక్కూచున్నానండీ. మీ ఊరు పూర్తిగా చూడకుండా, మా ఊరు రండని ఏ మొహంతో పిలవను?”

“చూసి రావడానికా?”

“నచ్చితే ఉండిపోవడానికి. సముద్రం లేదు గానీ, మాకూ పోస్టాఫీసుంది.”

కినుయె పకపకా నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. ఆ సంబరంలో తెడ్డు వదిలేసరికి తొట్టి గిర్రున తిరిగింది, ఇద్దరూ ఒకరినొకరు పట్టుకున్నారు.

“పట్టుకో వదినా, గట్టిగా పట్టుకో! ఈ చేప మళ్ళీ పడదు!” గట్టు మీంచి మసుయొ కేకేసింది.

సాయంత్రం ఓడకు కినుయె సెంకిచితో వెళ్ళిపోయింది. చిన్న మూట, కొత్త చెప్పులు. పుట్టిందగ్గర్నుంచీ ఆ ఓడ రాకపోకలు చూడటమేగాని, ఎక్కడం అదే మొదలు.

ఓడ కనుమరుగయ్యేదాకా చెయ్యూపి, మసుయొ ముక్కు చీదుకుని, కినుయె తొట్టిని గుంజకు కట్టడానికి వంగింది. అడుగున పాతగుడ్డలు కుట్టిన దిండొకటి, నడుమ రెండు మోకాళ్ళ గుంటలతో, అలాగే ఉంది.