రెండు రాత్రులకు సరిపడా ఊరు

కట్టుడు పళ్లు తయారుచేసే ల్యాబులో కొలిమి చెడిపోయింది. కొత్తది బిగించేదాకా, అంటే శుక్రవారం నుంచి సోమవారం వరకు, ఎవరూ రానక్కర్లేదని యజమాని చెప్పాడో లేదో, కోడలు చేతిలోని మైనపు పన్నును భద్రంగా బల్లమీద పెట్టి, కూర్చున్న స్టూలు మీదే గిర్రున మూడు చుట్లు తిరిగింది. పెళ్లయిన తొమ్మిదేళ్లలో వరసగా నాలుగు రోజుల సెలవు ఆమెకు దొరకడం అదే మొదలు.

ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా సంగతి చెప్పేసింది. భర్తకు రొట్టెల దుకాణం ఉంది. శనాదివారాలు వచ్చాయంటే అతనికి తుమ్మడానికి కూడా తీరికుండదు.

"నాకెలాగూ కుదరదు. నువ్వూ అమ్మా ఎక్కడికైనా విదేశం వెళ్లి రండి. కిందటేడు ముగ్గురికీ పాస్‌పోర్టులు చేయించి బీరువాలో పడేశాం. వాటికీ కాస్త గాలి తగలాలిగా" అన్నాడు.

అత్తగారు ముప్ఫై ఒక్క ఏళ్లు బడిలో చరిత్ర చెప్పి రెండేళ్ల కిందటే రిటైరయ్యారు. పిల్లలు పెట్టిన పేరు తారీఖుల టీచరు. ఏ రాజు ఏ ఏడు ఏ నెలలో ఏ గోడ కట్టించాడో నిద్రలో లేపి అడిగినా చెప్పేవారు. కోడలు కూడా ఏడో తరగతిలో ఆవిడ దగ్గర చదువుకున్నదే. పెళ్లయ్యాక "టీచర్" మానేసి "అత్తయ్యా" అనడానికి ఆమెకు రెండేళ్లు పట్టింది. కంగారు పుడితే ఇప్పటికీ పాత పిలుపే వస్తుంది.

ఆ సాయంత్రమే వంటింటి బల్లమీద పెద్ద పటం పరిచారు. అత్తగారు కళ్లద్దాలు పెట్టుకుని, ఊళ్లకు ప్రవేశపరీక్ష పెట్టారు.

"విమానంలో రెండు గంటలు మించకూడదు. ఊరంతా కాలినడకన తిరగగలగాలి. అయిదొందల ఏళ్లు నిండని ఊరితో నేను మాట్లాడను."

మొదట కాలువల ఊరు వచ్చింది. ఫొటోల్లో వంతెనలు, పడవలు, కిటికీల్లో పూలకుండీలు చూసి కోడలు మురిసిపోయింది.

"ఎనిమిదొందల ఏళ్లనుంచి నీళ్లలో నానుతోంది. నా మోకాళ్లు రెండు రోజులు కూడా నానలేవు" అన్నారు అత్తగారు.

తరవాత కోటగోడ ఊరు. చుట్టూ గోడ, గోడమీద నడిచే దారి.

"గోడమీద నడిచి నడిచి ఎక్కడికొస్తాం? బయలుదేరిన చోటికే. ఆ మాత్రానికి విమానమెందుకు, మన వరండాలో తిరిగితే పోలా?"

దుకాణం కట్టేసి వచ్చిన భర్త, మిగిలిన రొట్టె చివర్లు కొరుక్కుంటూ పటం మీద పొడి రాల్చాడు. ఆ పొడి పడ్డ ఊళ్లు కూడా పరీక్ష తప్పాయి. ఒకటి మరీ ఎత్తు, ఒకటి మరీ చదును, ఒకటి రెండుసార్లు తగలబడి మూడోసారి కట్టింది కాబట్టి "అసలు సరుకు కాదు."

అప్పుడు కోడలు, ఇంతసేపూ నోట్లో దాచుకున్న మాట బయటపెట్టింది.

"గంట గోపురం ఊరికి వెళదాం అత్తయ్యా."

ఆ ఊరంటే ఆమెకు పన్నెండో ఏటినుంచీ ప్రాణం. ఏడో తరగతిలో ఒక మధ్యాహ్నం టీచరు పుస్తకం మూసేసి, తను వయసులో ఉండగా ఆ ఊరు వెళ్లిన కథ చెప్పారు. గోపురానికి మూడొందల అరవై అయిదు మెట్లట, ఏడాదిలో రోజుకొకటి చొప్పున. పైన నీలం తలుపట. కాపలా తాత ఆవిడ ముచ్చట చూసి గంట తాడు చేతికిచ్చి "లాగమ్మా" అన్నాడట. లాగితే ఊళ్లో పావురాలన్నీ ఒక్కసారి లేచాయట. వింటున్నంతసేపూ తరగతిలో ఫ్యాను కిర్రుమనడం తప్ప చప్పుడు లేదు. ఆ రాత్రంతా కోడలు కలలో తాడు లాగుతూనే ఉంది.

"అక్కడికా?" అన్నారు అత్తగారు. "అక్కడ పావురాలెక్కువ."

"మీకు పావురాలిష్టం కదా?"

"కాఫీ బాగోదు."

"మీరు వెళ్లి నలభయ్యేళ్లు కావస్తోంది. ఇప్పటికి బాగుపడి ఉంటుంది."

"అక్కడి జనం మరీ పొడుగు. ముందు నిలబడితే ఏమీ కనిపించదు" అని అత్తగారు పటం గబగబా మడిచేసి, పొయ్యిమీద ఏమీ లేకపోయినా పొయ్యి దగ్గరికి వెళ్లిపోయారు.

ఒకసారి చూసిన ఊరికి మళ్లీ తనకోసం రావడం మొహమాటమనుకుంటున్నారు కాబోలనుకుంది కోడలు. మర్నాడు భోజనాల వేళ ల్యాబులోంచే, పంటి అచ్చుల మధ్య ఫోను ఆనించుకుని, గంట గోపురం ఊరికి రెండు టికెట్లు తీసేసింది. గోపురానికి అరగంట నడక దూరంలో హోటల్లో రెండో అంతస్తు గది కూడా. సాయంత్రం టికెట్లు అచ్చువేయించి తెచ్చి అత్తగారి చేతిలో పెట్టింది.

అత్తగారు చదివారు. మళ్లీ చదివారు. తరవాత ఎక్కిళ్లు మొదలయ్యాయి.

చిన్నాచితకా ఎక్కిళ్లు కావు, భుజాలు ఎగిరిపడే ఎక్కిళ్లు. కోడలు మంచినీళ్లిచ్చింది, వీపు రాసింది. ఫలితం లేదు. అత్తగారు అలాగే ఎగిరిపడుతూ గదిలోకి వెళ్లి, పాస్‌పోర్టు తెచ్చి బల్లమీద పెట్టారు.

"చూ... హిక్... చూడు."

"కొత్తదేగా అత్తయ్యా. ఖాళీగానే ఉంటుంది. పాతదాంట్లో ఉంటాయి ముద్రలు. అది ఎక్కడో పోయిందన్నారుగా?"

"పాతది పోలేదు. పాతదే లేదు."

కోడలు ఆ ఖాళీ పేజీలు ఒక్కొక్కటే తిరగేసింది. అర్థమయ్యాక, నోటికి పాత పిలుపే వచ్చింది. "టీచర్!"

"ఉద్యోగంలో చేరిన మొదటి ఏడమ్మాయ్" అన్నారు అత్తగారు, కుర్చీలో కూలబడి. "తరగతి నిండా సంత. ఒక్కడూ వినడు. వెనకబెంచీ పిల్ల ఒకతి లేచి, 'మీరు చూశారా టీచర్?' అంది. చూశానన్నాను. అంతే, అందరూ నోళ్లు మూశారు. ఆ నిశ్శబ్దం ఎంత బాగుందో నీకు తెలీదు. రుచి మరిగాను. ఏడాదికో ముక్క చేర్చుకుంటూ పోయాను. ముందు మెట్లు. తరవాత తలుపు. తాత నాలుగో ఏడు వచ్చాడు."

"తాడు కూడా?"

"తాడు కూడా."

"పావురాలు?"

"అవి నీ బ్యాచికే మొదలు."

ఒక్క క్షణం కోడలికి గుండెలో ఎక్కడో చివుక్కుమంది. పాతికేళ్లుగా దాచుకున్న కల అది. కానీ ఎదురుగా తారీఖుల టీచరు, ఒక్క తేదీ తప్పు రాసినా గోడకుర్చీ వేయించిన మనిషి, ముక్కు ఎర్రగా చేసుకుని, చేతులు కట్టుకుని, దొరికిపోయిన పిల్లలా కూర్చుని ఉంది. కోడలికి కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. ఆపుకోబోయింది, ముక్కులోంచి వచ్చింది. అది చూసి అత్తగారూ నవ్వారు. ఇద్దరూ బల్లమీద చేతులు బాదుకుంటూ, కళ్లనీళ్లు కారేదాకా నవ్వారు. అత్తగారి పైవరస పళ్లు కోడలు చేసినవే. అవి జారతాయేమోనని ఆవిడ అరచెయ్యి అడ్డం పెట్టుకుని మరీ నవ్వారు. ఎక్కిళ్లు ఎప్పుడు పోయాయో ఎవరూ చూసుకోలేదు.

"వాడికి చెప్పకే" అన్నారు చివరికి. కొడుకు కూడా ఆ తరగతిలో ఆ కథ విన్నవాడే.

"చెప్పను. ఎల్లుండి వెళ్లి అన్నీ నిజం చేసేద్దాం" అంది కోడలు.

విమానంలో అత్తగారు ఎక్కడా తొణకలేదు. బెల్టు మాత్రం విమానం ఎక్కడానికి ముందే, వెయిటింగ్ హాల్లో కుర్చీకి వెతికారు. మబ్బుల్లోకి వెళ్లాక కోడలి చెయ్యి పట్టుకుని, గంటన్నర వదలలేదు. "నువ్వు భయపడతావని" అన్నారు.

శనివారం పొద్దున పదిన్నరకు గోపురం వైపు బయలుదేరారు. రాతి పలకలు పరిచిన సన్నటి వీధులు, ఒకదాని భుజం మీద ఒకటి వాలినట్టున్న ఇళ్లు. మొదటి పది నిమిషాలు అత్తగారు నోరు విప్పలేదు. గోడలను వేళ్లతో తాకి చూస్తూ నడిచారు. మూల తిరగ్గానే పాత సంతబజారు కనపడింది. ఇక ఆనకట్ట తెగింది.

"ఇదిగో, ఇక్కడే! ఉప్పు బళ్లు ఇక్కడ ఆగేవి! ఆ కమాను చూడు, మంటల్లో మిగిలింది అదొక్కటే!"

చెయ్యెత్తి, గొంతెత్తి, వెనక్కి నడుస్తూ మరీ చెప్పారు. ముప్ఫై ఒక్క ఏళ్ల అలవాటు. కెమెరా మెడలో వేసుకున్న ఒక ముసలి జంట ఆగి చూసింది. వెనకాల బిడ్డను సంచీలో కట్టుకున్న ఒకాయన ఆగాడు. తరవాత పసుపు టోపీలు పెట్టుకున్న నలుగురు. వాళ్లెవరికీ ఒక్క ముక్క అర్థం కాదు, అయినా ఆవిడ కమానువైపు చెయ్యి చూపిస్తే అందరి తలలూ అటు, నేలవైపు చూపిస్తే ఇటు.

"అత్తయ్యా, వీళ్లు మిమ్మల్ని గైడ్ అనుకుంటున్నారు."

"అనుకోనీ. మన పిల్లలకన్నా బాగా వింటున్నారు."

గోపురం దగ్గరికి చేరేసరికి వెనక పదకొండు మంది. తలుపు దగ్గర అత్తగారు చీర కుచ్చిళ్లు కాస్త పైకి దోపుకుని, "లెక్కపెట్టు" అన్నారు. ఒకటి, రెండు, మూడు. ఇద్దరూ పైకే లెక్కపెట్టారు. యాభై దాటేసరికి వెనకున్నవాళ్లు కూడా తమ తమ భాషల్లో అందుకున్నారు. సుడిమెట్ల గొట్టంలో నాలుగు భాషల అంకెలు ఢీకొని పైకి లేచాయి. అత్తగారి మోకాళ్లు నూరు దగ్గర ఒకసారి, నూట అరవై దగ్గర ఒకసారి ఆగమన్నాయి. రెండొందల పదిహేడు దగ్గర మెట్లు అయిపోయాయి.

"అదేంటి, ఇంతేనా?" అత్తగారు గోడకానుకుని రొప్పుతూ అడిగారు.

"ఇంతే."

"అయితే నూట నలభై ఎనిమిది మెట్లు ఉత్తినే ఎక్కించానే పిల్లలచేత!"

నీలం తలుపు లేదు. అసలు తలుపే లేదు, వంగి దూరే రాతి సందు ఉంది. తాత లేడు, తెల్లచొక్కా వేసుకుని ఆవలిస్తున్న ఒక కుర్రమ్మాయి ఉంది. తాడు ఉండాల్సిన చోట బూడిదరంగు మోటారు పెట్టె ఉంది. అత్తగారు ఒక్కొక్కదాన్నీ శ్రద్ధగా చూసి, ఒక్కొక్కదానికీ తలూపారు. కోడలు ఆవిడ మొహంలో దిగులు కోసం వెతికింది. కనపడలేదు. కళ్లు పెద్దవి చేసుకుని, మొదటిరోజు బడికొచ్చిన పిల్లలా ఉన్నారు.

అప్పుడు మోటారు గుర్రుమంది. తెల్లచొక్కా అమ్మాయి చెవులు మూసుకుని, వీళ్లనూ మూసుకోమని సైగ చేసింది. పన్నెండయింది.

గంట మోగింది. చెవులతో వినేంత చిన్న చప్పుడు కాదది. కాళ్లకింద రాయి, రొమ్ములో ఎముకలు, కోడలి నోట్లో పళ్లు, అన్నీ కలిసి మోగాయి. అత్తగారు అరచేత్తో నోరు మూసుకున్నారు, పైవరస కోసం. పన్నెండు దెబ్బలూ అయ్యాక ఇద్దరికీ ఏమీ వినిపించలేదు.

"ఫోన్ తియ్యి!" అరిచారు అత్తగారు.

"ఏంటీ?"

"ఫోనూ! మా బడి పిల్లల గ్రూపుంది కదా! వాళ్లకి చెప్పేస్తా!"

"వద్దన్నారుగా!"

"వినిపించట్లేదు!"

కోడలు పట్టుకున్న ఫోను ముందు నిలబడి, వెనక ఊరంతా కనపడేలా, అత్తగారు గట్టిగా అరిచి చెప్పారు. తను ఇక్కడికి రావడం ఇదే మొదటిసారనీ, మెట్లు రెండొందల పదిహేడేననీ, తలుపూ తాతా తాడూ తన తలలోంచి పుట్టాయనీ, పరీక్షలో ఎవరైనా మూడొందల అరవై అయిదని రాసి ఉంటే ఆ తప్పు తనదేననీ. అలా చెప్పి, కెమెరాకి దణ్ణం పెట్టి, కోడలిచేత అది గ్రూపుకు పంపించి, గోడవైపు తిరిగి నిలబడ్డారు.

కాసేపటికి ఫోను వణకడం మొదలుపెట్టింది, ఆగలేదు. కోడలు పైకి చదివింది. చెవులింకా పూర్తిగా రాలేదు కాబట్టి అరిచి చదివింది. ఒకతను ఆ తాత కోసమే చరిత్ర చదివి, ఇప్పుడు మ్యూజియంలో పనిచేస్తున్నాడట. ఒకామె నవ్వే బొమ్మలు పదహారు పెట్టింది. ఒక బస్సు డ్రైవరు రాసింది మాత్రం కోడలు నెమ్మదిగా చదివింది.

"టీచర్, నేను పన్నెండేళ్ల కిందట అక్కడికి వెళ్లాను. లెక్కపెట్టాను. తలుపు కోసం గంటసేపు వెతికాను. మీకు చెప్పబుద్ధి కాలేదు. మా పిల్లలకి మీ కథే చెప్తున్నాను."

అత్తగారు పైట చెంగు మొహమ్మీద ఒత్తుకున్నారు. ఏడుస్తున్నారో నవ్వుతున్నారో తెలిసేలోగా కొడుకు ఫోను చేశాడు.

"అమ్మా! ఇదేం అన్యాయం! గోపురం కేకు ఎవరడిగినా పైన నీలం తలుపు పెడుతున్నాను! దానికోసమే నీలం రంగు తెప్పిస్తున్నాను!"

"పెట్టరా నాన్నా, మానకు" అన్నారు అత్తగారు. "చూడ్డానికి బాగుంటుంది."

కిందికి దిగేసరికి, ముందే దిగిన ఆ పదకొండు మందీ గోపురం ముందు చౌకులో గుంపుగా నిలబడి ఉన్నారు. పసుపు టోపీల్లో ఒకామె రెండు చేతులూ చాపి, ఇక ఎటు అన్నట్టు చూసింది.

అత్తగారు కోడలి చెవి దగ్గరికి వంగారు. "నాకు గోపురం వరకే తెలుసు. పాఠంలో అంతవరకే ఉంది."

"అయితే చెప్పేద్దామా?"

"మనకి తెలీదండీ!" అని అత్తగారు అందరికీ వినపడేలా, ఎంతో సంతోషంగా ప్రకటించి, కనపడ్డ మొదటి సందులోకి వడివడిగా నడిచారు. వాళ్లంతా వెనకే వచ్చారు. సందు రెండు మలుపులు తిరిగి ఎవరిదో పెరట్లో తేలింది. తీగలమీద దుప్పట్లు ఆరుతున్నాయి. బుట్ట పట్టుకుని నిలబడ్డ ఇల్లాలు పదమూడు మందినీ చూసి తెల్లబోయి, తరవాత విరగబడి నవ్వి, దుప్పట్ల అవతలున్న చిన్న గేటు చూపించింది. ముందు అత్తగారు, వెనక కోడలు, ఆ వెనక మిగతావాళ్లు, తడి దుప్పట్ల కింద ఒక్కొక్కరే తల వంచి దూరారు.