పదమూడు పళ్ళ గేరు

నేను ఒక అమెరికా కారుని. తలుపులు రెండే, సిలిండర్లు మాత్రం ఎనిమిది. ముక్కు పొడుగు, తోక పొట్టి. మా జాతిని అక్కడ మజిల్ కార్లంటారు, అంటే కండపట్టిన కార్లని. పనికొచ్చే కండ కాదు, చూపించుకునే కండ. సరుకు మోయలేను. నలుగురు హాయిగా కూర్చోలేరు. వెనక్కి తిరగాలంటే వీధి వెడల్పు చాలదు. తిన్నగా ఉన్న రోడ్డు మీద పెద్ద చప్పుడు చేస్తూ దూసుకుపోవడం ఒక్కటే నాకు వచ్చిన విద్య. అందుకోసమే మనుషులు నన్ను తయారు చేశారు. అలా వేగంగా పోకూడదని రోడ్డు పక్కన బోర్డులు పెట్టింది కూడా వాళ్ళే.

నేను పుట్టింది పందొమ్మిది వందల అరవై ఎనిమిదిలో, డెట్రాయిట్‌లో. విశాఖపట్నంలో ఒక కర్మాగారం కట్టడానికి బయలుదేరిన ఇంజనీరు ఒకాయన నన్ను కూడా ఓడెక్కించాడు. మూడేళ్ళు సముద్రపు గాలి తిన్నాక, కర్మాగారం పూర్తయి ఆయన తిరిగి వెళ్ళిపోతూ నన్ను అమ్మకానికి పెట్టాడు. అప్పుడు విజయవాడ నుంచి యలమర్తి కోదండరామయ్య గారని ఒక ప్రింటింగ్ ప్రెస్సు యజమాని కాగితం కొనడానికి విశాఖ వచ్చి ఉన్నాడు. పొద్దున్న నన్ను చూశాడు. సాయంత్రానికి కాగితం మాట మరిచిపోయి నాతో ఇంటికి బయలుదేరాడు. ఆ ఏడాది ఆయన ప్రెస్సులో క్యాలెండర్లు ఆలస్యంగా వచ్చాయి.

నా స్టీరింగు ఎడం పక్క ఉంటుంది. గవర్నర్‌పేటలో జనం అలవాటుకొద్దీ కుడి పక్క కిటికీకి నమస్కారం పెట్టేవారు. అక్కడ చాలాసార్లు కూరగాయల సంచీ ఉండేది. కోదండరామయ్య గారు ఇటు పక్క నుంచి చెయ్యి ఊపేవాడు, వాళ్ళు ఉలిక్కిపడేవారు. ఆయనకి ఆ సరదా చివరిదాకా తీరలేదు.

ఆయనకి ఇద్దరు పిల్లలు. పెద్దది విశాలాక్షి, ఏడాది చిన్నవాడు శోభనాద్రి. కొడుక్కి పదహారేళ్ళు రాగానే ఆయన డ్రైవింగ్ నేర్పించాడు. మూడో రోజున ఆ కుర్రాడు నన్ను ప్రెస్సు గేటుకి రాసేశాడు. ఆ సాయంత్రం విశాలాక్షి తండ్రి దగ్గరికి వచ్చి, "నాన్నా, నాకూ నేర్పు" అంది.

"నీకెందుకమ్మా ఆ శ్రమ? ఎక్కడికి కావాలంటే అక్కడికి తీసుకెళ్ళడానికి మేం లేమా?" అన్నాడాయన.

ప్రేమగానే అన్నాడు. ప్రేమగా అన్న మాటకి ఎదురు చెప్పడం కష్టం. ఆ పిల్ల మళ్ళీ అడగలేదు. కానీ ఆదివారం ఆదివారం నా అద్దాలు తుడుస్తానని వచ్చి, తుడిచాక ఎడం పక్క కూర్చుని, ఇంజను ఆపి ఉండగానే క్లచ్ తొక్కి ఒకటి, రెండు, మూడు, నాలుగు అని గేర్లు మార్చుకునేది. ఆ ఇంట్లో నా గేర్లని గరగరలాడించకుండా మార్చింది ఆవిడ ఒక్కతే. ఆ మాట చెప్పడానికి నాకు హారను తప్ప నోరు లేదు.

ఎనభై నాలుగులో నూజివీడు రోడ్డు మీద నా ఇంజను ఒక్కసారిగా ఆగిపోయింది. లోపల ఒక బుల్లి గేరు పళ్ళన్నీ రాలిపోయాయి. అలాంటిది ఇక్కడెక్కడా దొరకదని మెకానిక్కులందరూ చెప్పారు. ట్రాక్టరుకి కట్టి లాక్కొచ్చి ప్రెస్సు వెనక షెడ్డులో పెట్టి టార్పాలిన్ కప్పారు. వచ్చే నెల చూద్దాం అనుకున్నారు. ఆ వచ్చే నెల ముప్ఫై ఏడేళ్ళ తరవాత వచ్చింది.

ఈలోగా కోదండరామయ్య గారు పోయారు. ప్రెస్సు మూతపడింది. విశాలాక్షి ముప్ఫై నాలుగేళ్ళు మహిళా కళాశాలలో లెక్కలు చెప్పి రిటైరైంది. అక్కాతమ్ముళ్ళిద్దరూ కలిసి ఆ స్థలంలో అపార్టుమెంట్లు కట్టడానికి ఒక బిల్డరుతో ఒప్పందం చేసుకున్నారు. ఫిబ్రవరిలో ఒకరోజు షెడ్డు ఖాళీ చేయడానికి వచ్చి టార్పాలిన్ లాగారు. ఎలకలు నాలుగు దిక్కులా పరుగెత్తాయి.

"దీన్ని తుక్కు కింద ఇచ్చేద్దాం అక్కా" అన్నాడు శోభనాద్రి.

"నేను తీసుకుంటాను" అంది విశాలాక్షి.

"తీసుకుని ఎక్కడ పెడతావు? లారీ మీద ఎక్కించి ఇంకో షెడ్డులో పడేస్తానంటే నేను ఒప్పుకోను. అది నడిచి వెళ్తానంటే తీసుకెళ్ళు."

"ఎప్పటిలోగా?"

"జూన్ పదిహేనున షెడ్డు పడగొట్టడానికి పొక్లెయిన్ వస్తుంది. అప్పటికి కదలకపోతే తుక్కే."

"సరే" అందావిడ. మర్నాడు పొద్దున్నే వెళ్ళి డ్రైవింగ్ స్కూల్లో చేరింది. అరవై రెండేళ్ళ వయసులో, కాలేజీ పిల్లల మధ్య వరసలో నిలబడి.

ఆటోనగర్ నుంచి షేక్ మస్తాన్ వలీ అనే మెకానిక్కుని పిలిపించింది. ముప్ఫై ఏళ్ళుగా లారీలు బాగుచేస్తున్న మనిషి. బానెట్ ఎత్తి అయిదు నిమిషాలు లోపలంతా తడిమి చూశాడు.

"ఇందులో ఎలకలు కాపురం పెట్టి చాలా తరాలైందమ్మగారూ."

"బాగవుతుందా?"

"దీన్ని చేసినోళ్ళు మంచోళ్ళు. అన్నీ విప్పి మళ్ళీ బిగించుకునేట్టు చేశారు. ఇప్పటి బండ్లలాగా అతికించి పారెయ్యలేదు. చూద్దామండి."

తరవాతి మూడు నెలలూ నా ఒంట్లోకి కృష్ణా జిల్లా అంతా వచ్చి చేరింది. బ్రేకుల తాలూకు సిలిండరు ఒక పాత జీపుది. నీళ్ళ గొట్టాలు ట్రాక్టరువి. నీళ్ళ పంపులో బేరింగు మీద చెరిగిపోయిన నంబరుని విశాలాక్షి భూతద్దంతో చదివి, బేరింగుల దుకాణాలన్నీ తిరిగింది. వరికోత యంత్రంలో వాడే బేరింగూ అదే నంబరని ఉయ్యూరులో తేలింది. పెట్రోలు ట్యాంకు తుప్పుని మస్తాన్ చింతపండు నీళ్ళు పోసి వదలగొట్టాడు. మూడు రోజులు నా దగ్గర చారు వాసన వచ్చింది. పుట్టిన దేశం అమెరికా అయినా, చింతపండు పులుసు దిగాక నేనిక ఈ ఊరిదాన్నే అనుకున్నాను.

అన్నీ దొరికాయి, ఆ గేరు తప్ప. అదేమిటో చెబుతాను. నా ఇంజను లోపల ఒక పొడుగాటి కడ్డీ పడుకుని తిరుగుతూ ఉంటుంది. దానికి అడ్డంగా ఇంకో కడ్డీ నిలబడి ఉంటుంది. పడుకున్నదాని పళ్ళతో పళ్ళు కలిపి నిలబడ్డదాన్ని తిప్పే బుల్లి గేరు అది. ఉసిరికాయంత ఉంటుంది, పదమూడు పళ్ళు. అది తిరిగితేనే ఎనిమిది సిలిండర్లకీ వరస తప్పకుండా నిప్పురవ్వ అందుతుంది. విశాలాక్షి విదేశంలో ఒక దుకాణానికి రాసి తెప్పించింది. మొదటిసారి వేరే ఇంజను గేరు వచ్చింది. రెండోసారి వచ్చిన పెట్టె మీద పేరు సరిగ్గానే ఉంది, లోపల వైపరు మోటారు ఉంది. మూడోసారి పంపాలంటే ఎనిమిది వారాలు పడుతుందన్నారు. అప్పటికే మే నెల సగమైపోయింది.

"తాతబ్బాయిని అడుగుదామండి" అన్నాడు మస్తాన్.

పోలిశెట్టి తాతబ్బాయిది గోదావరి వైపు ఊరు. ఆటోనగర్‌లో లేతు మిషను, పళ్ళు కోసే మిషను పెట్టుకున్నాడు. నా పాత గేరు పళ్ళన్నీ రాలిపోయి నున్నగా ఉంది. దాన్ని అరచేతిలో అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇనుంతో చేస్తే లోపలున్న పెద్ద కడ్డీని తినేస్తదండి. గన్‌మెటల్ కావాలి, అంటే కంచులాంటిదండి. రేవులో విరగ్గొట్టిన లాంచీ బుష్షు ముక్క ఒకటి నా దగ్గరుందండి. పళ్ళు ఎటు వాలాలో, ఎంత వాలాలో గీసిస్తే కోసేద్దారండి" అన్నాడు.

లెక్కల మాస్టారమ్మకి ఇంతకన్నా ఏం కావాలి? టార్చి వేసి కన్నంలోంచి లోపలి కడ్డీ పళ్ళు చూసి కోణం కొలిచింది. ఒకదానితో ఒకటి కలిసే గేర్ల పళ్ళు ఎదురెదురు దిక్కులకి వాలి ఉండాలని పుస్తకంలో ఉంది. లోపలివి కుడికి వాలితే ఇవి ఎడమకి. నాలుగు రోజులు కూర్చుని అందంగా గీసిచ్చింది. తాతబ్బాయి వారం రోజుల్లో కోసి తెచ్చాడు. బంగారపు జూకాలా మెరుస్తోంది.

మస్తాన్ దాన్ని కడ్డీకి తొడిగి నా లోపలికి దించాడు. దిగలేదు. పైకి తీసి మళ్ళీ దించాడు. ఊహూ.

"కోత తప్పినట్టుంది తాతబ్బాయీ."

"నా కోత తప్పదండి. గీసిచ్చిందే కోశాను. గీతకి వెంట్రుకవాసి తేడా ఉంటే చూపించండి."

"మరి దిగదేం? రేపో మాపో తుక్కోడు వస్తాడు. వారం రోజులు నీ కోసమే కూర్చున్నాం."

మాట పెరిగింది. తాతబ్బాయి మొహం ఎర్రబడింది. తన కొలబద్దలు సంచీలో వేసుకుని, "ఇంకోళ్ళ చేత చేయించుకోండి" అని వెళ్ళిపోయాడు. విశాలాక్షి ఏమీ అనలేదు. గేరు చేత్తో పట్టుకుని నా పక్కనే స్టూలు మీద కూర్చుంది. మస్తాన్ కూడా వెళ్ళాక, పాత క్యాలెండర్ల కాగితాలు రెండు తీసుకుని, ఏటవాలు గీతలు గీసి, గొట్టాల్లా చుట్టింది. రెండు గొట్టాల్నీ పక్కపక్కన నిలబెట్టి చూసింది. తరవాత ఒకదాన్ని పడుకోబెట్టి, దాని మీద రెండోదాన్ని అడ్డంగా ఆనించింది. గీతలు కలవకుండా ఒకదానికొకటి అడ్డం పడ్డాయి.

పక్కపక్కన తిరిగే గేర్లకైతే పళ్ళు ఎదురు దిక్కులకి వాలాలి. అడ్డంగా తిరిగే వాటికి రెండూ ఒకే వైపు వాలాలి. పుస్తకంలో ఆ తరవాతి పేజీ ఆవిడ చదవలేదు.

మర్నాడు ఆవిడ సిటీ బస్సెక్కి ఆటోనగర్ వెళ్ళింది. అక్కడ జరిగింది తరవాత మస్తాన్ చెబితే విన్నాను. తాతబ్బాయి దుకాణం ముందు నిలబడిందట. చుట్టూ మిషన్ల రొదలో ఆవిడ మాట వినిపించక తాతబ్బాయి లేతు ఆపేశాడట.

"తప్పు నాది. వాలు తిరగేసి గీశాను. నిన్న నా ఎదుటే మిమ్మల్ని మాట అంటుంటే చూస్తూ కూర్చున్నాను, అది రెండో తప్పు. ముప్ఫై నాలుగేళ్ళు పిల్లల తప్పుల కింద ఎర్రసిరాతో గీతలు కొట్టాను. నా తప్పు నేను కనుక్కోవడానికి ఒక రాత్రి పట్టింది."

తాతబ్బాయి స్టూలు తుడిచి ముందుకి జరిపాడట. "కూర్చోండమ్మా. టీ తాగి గీయండి. ఆ బుష్షు ముక్క ఇంకాస్త ఉందండి. సరిగ్గా ఒక్క గేరుకి వస్తది. ఈసారి తప్పితే మాత్రం ఇంకో లాంచీ మునిగేదాకా ఆగాలండి."

ఆవిడ ఈసారి గీసింది ఊరికే ఇవ్వలేదు. కాగితం గొట్టాలు పెట్టి ఆయనకి చూపించి, ఆయన ఔనన్నాకే కోయమంది. మస్తాన్ కూడా పునుగుల పొట్లం పట్టుకుని వచ్చి దుకాణం గుమ్మంలో నిలబడ్డాడు. క్షమాపణ చెప్పడం అతనికి చేతకాదు. పొట్లం విప్పి తాతబ్బాయి ముందు పెట్టి, "వేడిగా ఉన్నాయి" అన్నాడు. తాతబ్బాయి ఒకటి నోట్లో వేసుకుని, "అల్లం తక్కువైంది" అన్నాడు. మనుషులు కొన్నిసార్లు పెద్ద మాటలు ఇలాగే మాట్లాడుకుంటారని అది విన్నాక నాకు తెలిసింది.

జూన్ పదకొండున ఆ గేరు నా లోపలికి దిగి 'టక్' మని కూర్చుంది. పంటి సందులో ముప్ఫై ఏడేళ్ళుగా ఉన్న వెలితి పూడినట్టయింది.

పదమూడో తేదీ పొద్దున్న శోభనాద్రి తెల్ల చొక్కా వేసుకుని వచ్చి నా వెనక నిలబడ్డాడు. విశాలాక్షి ఎడం పక్క కూర్చుని తాళం తిప్పింది. ఒకసారి దగ్గాను. రెండోసారి తుమ్మాను. మూడోసారి నా ఎనిమిది సిలిండర్లూ అంటుకున్నాయి. సైలెన్సరులో ఎలకలు దాచుకున్న గడ్డి, కాగితం ముక్కలు, నల్లటి మసి అన్నీ ఒక్క ఊదుతో వెళ్ళి శోభనాద్రి చొక్కా మీద పడ్డాయి. ఆయన చొక్కా దులుపుకోలేదు. నవ్వుతూ వచ్చి కుడి పక్క తలుపు తీసుకుని కూర్చున్నాడు.

"ఎక్కడికి?"

"రవాణా ఆఫీసుకి. దీనికి తనిఖీ ఉంది. నా పరీక్ష పోయిన నెలే అయింది."

షెడ్డులోంచి బయటికి వచ్చాం. క్లచ్ ఎప్పుడు వదలాలో ఆవిడ కాలికి నాకన్నా బాగా తెలుసు. ఏలూరు రోడ్డెక్కాక శోభనాద్రి నెమ్మదిగా అన్నాడు: "నాకంటే నువ్వే బాగా నడుపుతున్నావక్కా. అప్పుడే నాన్న నీకు నేర్పించి ఉంటే..."

"ముందు సిగ్నలు చూడనీరా" అంది ఆవిడ. కానీ గేరు మారుస్తున్న చెయ్యి ఒక్క క్షణం నా మీటమీద ఆగింది.

సిగ్నలు దగ్గర ట్రాఫిక్ కానిస్టేబులు వచ్చి కుడి పక్క వంగి, "లైసెన్సు చూపించండి" అన్నాడు.

"నన్నడుగుతారేంటండీ? నేను ఊరికే కూర్చున్నాను. నడిపేది మా అక్క" అన్నాడు శోభనాద్రి.

కానిస్టేబులు చుట్టూ తిరిగి వచ్చి, నెల రోజుల కిందటి లైసెన్సునీ, దాని మీద పుట్టిన సంవత్సరాన్నీ, ఆవిడ మొహాన్నీ మార్చి మార్చి చూశాడు. "లీటరుకి ఎంత ఇస్తుంది మేడమ్?" అని అడిగాడు.

"నాలుగు."

"నాలుగు కిలోమీటర్లేనా?"

"రోడ్డు పల్లంగా ఉంటే అయిదు" అంది విశాలాక్షి. అతను నవ్వుకుంటూ దారి ఇచ్చాడు.

తనిఖీలో నేను పాసయ్యాను. పదిహేనున పొక్లెయిన్ వచ్చి ఖాళీ షెడ్డుని పడగొట్టింది. ఇప్పుడు నేను విశాలాక్షి గారి అపార్టుమెంటు కింద రెండు కార్ల చోటు ఆక్రమించి ఉంటున్నాను. పై అంతస్తులవాళ్ళు పిల్లలకి అన్నం పెట్టడానికి నా దగ్గరికి తీసుకొస్తారు. నన్ను చూపిస్తే నాలుగు ముద్దలు ఎక్కువ తింటారట. అమెరికాలో నా కండలకి ఈ ఉపయోగం ఎవరికీ తట్టలేదు.

పోయిన ఆదివారం మస్తాన్ తన భార్య హఫీజాని తీసుకొచ్చాడు. ఊరి బయట లేఅవుటులో ఇంకా ఇళ్ళు రాని వెడల్పాటి రోడ్డు మీద విశాలాక్షి నన్ను ఆపి, దిగి, ఆవిణ్ణి ఎడం పక్క కూర్చోబెట్టింది. మస్తాన్‌ని మాత్రం దూరంగా వెళ్ళి నిలబడమంది. హఫీజా క్లచ్ వదిలింది, నేను ఎగిరి ఆగిపోయాను. మళ్ళీ వదిలింది, మళ్ళీ ఆగిపోయాను. నాలుగుసార్లు అలాగే. అయిదోసారి కదిలాను. గంటకి నూట ఇరవై మైళ్ళు పోగలనని నా మీటరు చెబుతుంది. ఆ పూట కోళ్ళు కూడా నన్ను దాటి ముందుకి పోయాయి.

"భయంగా ఉంటే ఆపేద్దాం. బ్రేకు ఎక్కడుందో చెప్పనా?" అని అడిగింది విశాలాక్షి.

హఫీజా స్టీరింగు రెండు చేతులతో బిగించి పట్టుకుని, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అంది:

"ఇప్పుడేగా అక్కా కదిలింది. కాస్త ఆగి చెబుదురుగాని."