నూతి నీరు పోసిన తొట్టె

నేను ఒక గాజు తొట్టెను. రెండున్నర అడుగుల పొడవు, అడుగున్నర ఎత్తు. శ్రీకాకుళంలో కాశిం అనే అద్దాల పనివాడు నా అయిదు పలకలను అతికించాడు. ఒక రోజంతా నీళ్ళు నింపి ఉంచి, అంచుల వెంట కాగితం ముక్కతో తడిమి, ఎక్కడా కారడం లేదని తేలాక తృప్తిగా బీడీ వెలిగించాడు. నన్ను కొన్న బట్టల కొట్టు యజమాని నాలో ప్లాస్టిక్ మొక్కలు పెట్టాడు. ఎండనూ ఎండవు, ఎదగనూ ఎదగవు. చీరలు కొనడానికి వచ్చినవాళ్ళు నావైపు చూస్తే అది తమ ముఖం చూసుకోవడానికే. రెండేళ్ళకు ఆయన కొట్టు ఎత్తేస్తూ, నన్ను ఒక చిన్న పట్టణంలోని డయాలసిస్ కేంద్రానికి ఇచ్చేశాడు.

అక్కడ రోగులు కూర్చునే గదికీ మంచాలుండే వార్డుకీ మధ్య ఒక గాజు గోడ ఉంది. దానికి ఆనించి, బయటి గది వైపు నన్ను బల్లమీద పెట్టారు. అవతల నాలుగో మంచం. నా పక్కనే బరువు చూసే యంత్రం. లోపలికి వెళ్ళే ప్రతివారూ ముందు దానిమీద నిలబడాలి.

సుగుణ అక్కడ నర్సు. నాలో పెరిగే మొక్కలుండాలని ఆమెకు కోరిక. ప్లాస్టిక్‌వి తీసేసి మూడు రకాలు తెచ్చింది. రిబ్బనులాంటి గడ్డి ఒకటి, ముదురాకుపచ్చ ఫెర్ను ఒకటి, గోధుమరంగు ఆకుల పొట్టి మొక్కలు కొన్ని. గులకరాళ్ళలో అన్నిటినీ లోతుగా గుచ్చింది. నాలుగు చిన్న చేపల్ని కూడా తెచ్చి, వాటికి మంచిదని డయాలసిస్ యంత్రాలకు వాడే ఆర్వో నీరు పోసింది. పొద్దున్న ఆరింటికి వేసిన దీపం చీకటి పడ్డాక కూడా వెలుగుతూనే ఉండేది. నెల తిరిగేసరికి గడ్డి పసుపెక్కింది. ఫెర్ను ఆకులకు చిల్లులు పడ్డాయి. నా గోడలకు నాచు పట్టింది. ప్రేమ ఎక్కువై తెలివి తక్కువైతే ఏమవుతుందో నాకు అప్పుడు తెలిసింది.

ఆ రోజుల్లో వచ్చాడు కూర్మారావు. యాభై దాటినవాడు, పొడుగ్గా, ఎముకల గూడులా ఉండేవాడు. ఊళ్ళో జీడిమామిడి మొక్కల నర్సరీ నడిపి, కిడ్నీలు పాడయ్యాక మానేశాడు. వారానికి మూడుసార్లు వచ్చి, నాలుగో మంచంమీద నాలుగేసి గంటలు పడుకోవాలి. అన్నిటికన్నా కష్టం దాహం. తాగింది ఒంట్లోనే నిలిచిపోతుంది గనక, టీ, మజ్జిగ, చారు అన్నీ కలిపి రోజుకు ముప్పావు లీటరు దాటకూడదని డాక్టరు చెప్పాడు.

మొదటి వారమే బరువు యంత్రం ముల్లు చూసి సుగుణ ముఖం ముడుచుకుంది.

"మూడున్నర కేజీలు పెరిగావు బాబాయ్. నీళ్ళు తాగావు కదూ?"

"ఒక్క గుక్క, సిస్టరమ్మా."

"ఒక్క గుక్కకి మూడున్నర కేజీలా?"

అతను నావైపు తిరిగాడు. నన్ను చాలామంది చూశారు గాని, ఆ చూపు వేరు. చేపల్ని కాదు, మొక్కల్ని కాదు, నా నీళ్ళని చూశాడు. గొంతు ఒకసారి కదిలింది. తర్వాత మెల్లగా అతని కళ్ళు ఆకులమీద ఆగాయి.

"ఈ మొక్కలు సచ్చిపోతన్నాయి కదేటి."

ఆ రోజు నాలుగు గంటలూ గాజు గోడ అవతలినుంచి నన్నే చూస్తూ పడుకున్నాడు. బయటికి వచ్చాక సూదులు గుచ్చని చేతిని మోచేతిదాకా కడుక్కుని నాలో పెట్టాడు. ఫెర్ను మొదలు తడిమి పైకి లాగాడు. అడ్డంగా పాకే దాని కాండం రాళ్ళ కింద నల్లగా కుళ్ళిపోయి ఉంది.

"దీన్ని పాతకూడదమ్మా. ఇది మా ఊరి సెట్లమీద మొలిసే మొక్కలాటిది. రాయికి కట్టీ, అదే పట్టుకుంటాది."

కుళ్ళిన భాగం కోసేసి, మిగిలినదాన్ని సుగుణ కుట్టుదారంతో ఒక రాయికి కట్టింది.

అతనికి అన్నీ తెలుసని కాదు. నేలమీది మొక్కల అనుభవంతో తర్వాతి వారం నర్సరీ ఎరువు ఒక గుప్పెడు తెచ్చి నాలో వేయించాడు. మూడో రోజుకు నా నీళ్ళు పచ్చగా చిక్కబడ్డాయి. ఒక చేప చచ్చి తేలింది. కూర్మారావు తలవంచుకుని నిలబడ్డాడు.

"నాదే తప్పు. నేలనుకున్నాను."

సగం సగం చొప్పున నీళ్ళు మార్చారు. దీపం రోజుకు ఏడు గంటలకు మించి వెలగనివ్వలేదు. నాచు తగ్గింది. కాని గడ్డి పసుపు వదల్లేదు. కొత్త ఆకులు పుట్టడమే పాలిపోయి పుట్టేవి.

"ఏ నీరు పోత్తన్నావు?" అని అడిగాడు ఒకరోజు.

"ఆర్వో నీరు బాబాయ్. అంతకన్నా శుభ్రమైన నీళ్ళు లేవు."

"అదేనమ్మా తంటా. శుభ్రం సేసి సేసి అందులో ఏటీ మిగల్లేదు. మొక్క ఏటి తింటాది?"

అతనికి పెరట్లో నుయ్యి ఉంది. తాత తవ్వించింది. ఈ జబ్బుకు కొందరు నీళ్ళే కారణమంటారు, కొందరు మరేదో అంటారు. తేల్చి చెప్పినవారు లేరు. ఇంట్లోవాళ్ళు మాత్రం ఆ నూతి నీరు తాగడం మానేశారు. అతని దాహమంతా ఆ నీటిమీదే.

"మా నూతి నీరు తెత్తాను. నన్నేటి సేసినాదో నాకు తెలీదు గాని, పాతికేళ్ళు నా నర్సరీని పెంచినాది."

రెండు క్యాన్లతో తెచ్చాడు. సగం ఆర్వో నీరు తీసి, ఆ నీరు నెమ్మదిగా నాలో పోశారు. పోస్తున్నంతసేపూ అతను ధార చప్పుడు వింటూ కళ్ళు మూసుకున్నాడు.

అయిదు రోజులకు ఘోరం జరిగింది. పొట్టి మొక్కల గోధుమరంగు ఆకులు ఒక్కటొక్కటిగా జావలా కరిగి విడిపోయాయి. మొదళ్ళు తప్ప ఏమీ మిగల్లేదు. వాసన కూడా మొదలైంది. మేనేజరు దివాకరం ముక్కు మూసుకుని వచ్చాడు.

"ఇది ఆసుపత్రి సుగుణగారూ. వీటిని పారేసి ప్లాస్టిక్‌వి పెట్టించండి. లేదా తొట్టె తీయించేస్తాను."

నేను భయపడ్డాను. మళ్ళీ ఆ చావులేని మొక్కలతో బతకడం నాకిష్టం లేదు. కూర్మారావు ముందుకు వచ్చి నాలో చేయి పెట్టాడు. ఒక మొదలు చుట్టూ రాళ్ళు తప్పించి, వేరును రెండు వేళ్ళతో నొక్కి చూశాడు.

"బాబూ, ఏరు తెల్లగుంది. గట్టిగుంది. నీరు మారినందుకు ఆకులు ఒగ్గేసినాయి, ఏరు ఒగ్గలేదు. ఇరవై రోజులు ఆగండి."

"ఆగితే?"

"రాకపోతే నానే పీకి పారేత్తాను."

దివాకరం అతని ముఖంలోకి చూసి, ఏమనుకున్నాడో, సరేనని వెళ్ళిపోయాడు. కుళ్ళిన ఆకులన్నీ సుగుణ ఏరేసింది. ప్రతి వారం క్యాను వచ్చేది, కాస్త కాస్త నీరు మారేది. అతను వచ్చిన ప్రతిసారీ బరువు చూసుకోకముందే నాదగ్గర వంగేవాడు. ఏమీ ఉండేది కాదు. పద్దెనిమిదో రోజున రాళ్ళ మధ్య సూది మొనంత ఎర్రటి చుట్ట కనిపించింది. రెండు రోజులకు కూర్మారావు వచ్చేసరికి అది విచ్చుకుని ఆకైంది.

"వచ్చినాది," అన్నాడు అంతే. లోపలికి వెళ్ళి ముఖం అవతలి గోడవైపు తిప్పుకుని పడుకున్నాడు. భుజాలు కదలడం గాజులోంచి నాకు కనిపించింది.

ఆరు నెలల్లో నేను అడవినయ్యాను. గడ్డి నా అంచుదాకా పెరిగి నీటిమీద వాలింది. కూర్మారావు బరువు ఒక రాకకూ మరో రాకకూ మధ్య రెండు కేజీలు దాటి పెరగడం మానేసింది. దాహం తగ్గిందా అని సుగుణ అడిగితే, "తగ్గలేదమ్మా. సూత్తా కూకుంటే టైము ఎలిపోతాది," అన్నాడు.

తర్వాత అతని ఊరికి దగ్గర్లో కొత్త కేంద్రం తెరిచారు. వారానికి మూడుసార్లు ఇంత దూరం బస్సులో రానక్కరలేదు. అందరూ సంతోషించారు. ఆఖరి రోజున అందరూ లోపలుండగా అతను వేళ్ళు నాలో ముంచి, ఆ తడిని పెదవులకు రాసుకుని, వెంటనే తుడిచేసుకున్నాడు. సుగుణ తలుపు దగ్గర నిలబడి చూసింది.

ఇప్పుడు నాలుగో మంచంమీద వేరెవరో పడుకుంటారు. ఆయన ఫోనులో క్రికెట్ చూసుకుంటాడు. నా ఆకులు ఇంత పచ్చగా ఎప్పుడూ లేవు. అయినా పొద్దున్నే బరువు యంత్రం కిర్రుమన్నప్పుడల్లా ఆ పొడుగాటి మనిషి నావైపు వంగుతాడని ఎదురుచూస్తాను. గాజుకు ఎదురుచూపులేమిటని మీరనవచ్చు.

నిన్న మధ్యాహ్నం సుగుణ ఫోను మోగింది. ఆమె నాదగ్గరికి వచ్చి స్పీకరు పెట్టింది. కొత్త కేంద్రంలో మంచంమీదినుంచి అతను మాట్లాడుతున్నాడు. అక్కడ ఎదురుగా తెల్ల గోడ తప్ప ఏమీ లేదట.

"ఆ పొట్టి మొక్కకి ఎన్నాకులున్నాయి సిస్టరమ్మా?"

సుగుణ నా గాజుమీద వేలు పెట్టి, వినపడేలా ఒక్కొక్కటే లెక్కపెట్టింది. ఇరవై రెండు దగ్గర తడబడింది.

"తప్పినావు. మొదట్నుంచి లెక్కెట్టు."

"ఇంకెంతసేపుంది బాబాయ్ నీకక్కడ?"

"రెండుంబావు గంటలు."

ఆమె కుర్చీ ఒకటి లాక్కుని నా ముందు కూర్చుంది.

"ఒకటి," అంది.