నాగభూషణం గారి వందో పుట్టినరోజు

టెక్కలిలో ఏ ఇంటికైనా వెళ్లి అడగండి, తాత పోయిన తిథి ఠక్కున చెబుతారు. పుట్టిన తిథి చెప్పమంటే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. పోయిన తిథికి తద్దినం ఉంది, భోక్తలున్నారు, గారెలున్నాయి. పుట్టిన తిథితో ఎవరికేం పని?

అందుకే అరవై ఎనిమిదిలో ఊరి పెద్దలు నాగభూషణం గారి శతజయంతి తలపెట్టినప్పుడు ఆ రోజేదో ఎవరికీ తెలియలేదు. మహానుభావుడు బతికినన్నాళ్లూ స్నేహితులకు ఉత్తరాలు రాశాడు. ఆయన పోయాక అవి పుస్తకంగా అచ్చయ్యాయి. ఆడవాళ్ల కష్టాల గురించి ఆయన రాసింది చదివి కళ్లు తుడుచుకోని మేష్టారు ఆ చుట్టుపక్కల లేడు. ఇంత రాసినవాడు తన పుట్టినరోజు సంగతి మాత్రం ఒక్క ముక్క రాసుకోలేదు. ఆయన మనవడు నరహరి హైస్కూల్లో తెలుగు మేష్టారు, పైగా ఉత్సవ సంఘానికి కార్యదర్శి. పుస్తకమంతా తిరగేసి విసిగిపోయి, చివరికి వంటింట్లోకి వచ్చి మేనత్తని అడిగాడు.

జానకమ్మ బియ్యం ఏరుతూ, తలెత్తకుండానే చెప్పింది. విభవ నామ సంవత్సరం, కార్తీక శుద్ధ పంచమి. ఆవిడ నాగభూషణం గారి ఆఖరి కూతురు. పదమూడో ఏట మొగుడు పోయి పుట్టింటికి వచ్చింది. ముందు తండ్రికి, తర్వాత అన్నకి, ఇప్పుడు అన్న కొడుక్కి వండిపెడుతోంది. ఏటేటా ఆ పంచమినాడు తండ్రికి పరవాన్నం వండిన చెయ్యి ఆవిడదే. ఎలా మరిచిపోతుంది?

అడిగినవాడు అడిగి ఊరుకోకుండా, ఆ సంబరంలో, సభలో దీపం అత్తయ్య చేతే వెలిగిస్తామని నోరు జారాడు. జానకమ్మ ఆ మాట పట్టుకుంది. ఇంట్లో ఎన్ని పెళ్లిళ్లయినా వెనక గదిలో కూర్చుని అప్పడాలు వేయించిన మనిషి. పదిమందీ చూస్తుండగా కన్నతండ్రి పేర ఒక్క దీపం వెలిగించాలని ఆవిడ ఎంతో ఆశపడింది. పెట్టె అడుగున దాచుకున్న తెల్ల నూలు చీర తీసి, గంజిపెట్టి ఆరేసుకుంది కూడా.

ఆహ్వానాలు అచ్చయి వచ్చాయి. జ్యోతి ప్రజ్వలన శ్రీమతి రత్నాలమ్మ గారు. పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసే మన్మథరావు గారి భార్య ఆవిడ, షామియానా పెట్టించింది ఆయనే. నరహరి ఈ కబురు గోడకేసి చూస్తూ చెప్పాడు. జయంతి శుభకార్యమన్నాడు. సంఘంలో పెద్దవాళ్లు వద్దన్నారన్నాడు. తనకైతే అలాంటి పట్టింపులు బొత్తిగా లేవన్నాడు.

"వర్ధంతికి నువ్వే వెలిగిద్దువుగానిలే అత్తయ్యా. దానికెవరూ ఏటీ అనరు" అన్నాడు ఆఖరికి.

జానకమ్మ సరేనంది. చావు దీపానికి మాత్రం పనికొస్తానన్నమాట అనుకుంది మనసులో. అనుకుని, కుమిలి, మళ్లీ పొయ్యి ముట్టించుకుంది. ఏడిస్తే ఓదార్చేవాళ్లున్న ఇల్లు కాదది.

పంచమి రోజున స్కూలు ఆవరణ జనంతో నిండిపోయింది. రత్నాలమ్మ పట్టుచీర కట్టుకుని వచ్చి దీపం వెలిగించింది. జానకమ్మ గంజిపెట్టిన చీర కట్టుకుని అందరికీ వెనకాల, వరండా మెట్టు మీద కూర్చుంది. అతిథులకు కొబ్బరి బొండాలు తెచ్చిన వజ్రపుకొత్తూరు జోగమ్మ ఆవిడని చూసి ఆగిపోయింది.

"మీ అయ్య పండగ కాదేటమ్మా ఇది? మీరిక్కడ కూకున్నారేటి?"

ఇక్కడ గాలి బావుందని చెప్పింది జానకమ్మ.

ముఖ్య అతిథి నీలకంఠం గారు విశాఖపట్నం నుంచి వచ్చిన పెద్ద ఉపన్యాసకుడు. కంచుకంఠం. అందరికీ బాగా తెలిసిన ఉత్తరమే ఎత్తుకుని చదివాడు. "నా జానకి ఎదురొస్తే నాకు లక్ష్మి ఎదురొచ్చినట్టే. వితంతువు ఎదురైందని వెనక్కి తిరిగేవాడు నా దృష్టిలో మనిషే కాడు." చప్పట్లు మోగిపోయాయి. ఆ జానకి నేటికీ మన మధ్య ఉండటం ఊరి అదృష్టమని కూడా అన్నాడు ఆయన. తలలన్నీ వెనక్కి తిరిగి చూసి, మళ్లీ ముందుకు తిరిగాయి. వచ్చి ముందు కూర్చోమని ఒక్క నోరూ అనలేదు.

భోజనం నరహరి ఇంట్లో. అదయ్యాక నీలకంఠం గారిని పలాసలో రైలెక్కించడానికి మన్మథరావు గారి కారు వచ్చి వీధిలో ఆగింది. అతిథికి ఇవ్వాల్సిన జీడిపప్పు పొట్లం వంటింట్లోనే ఉండిపోయింది. అది చూసి జానకమ్మ పొట్లం పట్టుకుని, పెరటి దారిన చుట్టు తిరిగి గబగబా వీధిలోకి వచ్చింది. ఎవరు ప్రయాణమైనా తలుపు చాటుకి తప్పుకోవడం ఆవిడకి చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆ చప్పట్లు ఇంకా చెవిలో ఉన్నాయేమో, ఆ ఒక్కపూటా మరిచిపోయింది. సరిగ్గా నీలకంఠం గారు గడప దాటుతుంటే ఎదురైంది.

ఆయన ఆగాడు. పెద్దమనిషి, కసురుకోలేదు, మొహం చిట్లించలేదు. రైలుకి ఇంకా వ్యవధి ఉందని చెప్పి, వెనక్కి తిరిగి అరుగు మీద కూర్చుని, కాసిన్ని మంచినీళ్లు ఇప్పించమన్నాడు. బయల్దేరినవాడు తిరిగొచ్చి నీళ్లెందుకు అడుగుతాడో తెలియని వాళ్లు అక్కడెవరూ లేరు. నరహరి తల దించుకున్నాడు.

జానకమ్మ పొట్లం అరుగు మీద పెట్టి, లోపలికి వెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చింది.

"తాగండి బాబూ, ఇందులో తప్పేటీ లేదు" అంది. "ఇందాక మీరు చదివిన ఉత్తరం పోస్టులో వెయ్యడానికి మా నాన్న బయల్దేరినప్పుడు నేనే ఎదురయ్యాను. ఆయనా ఇలాగే వెనక్కొచ్చి కూచున్నాడు. నీళ్లు నేనే ఇచ్చాను."

నీలకంఠం గారు కాసేపు గ్లాసుకేసి చూశాడు. తర్వాత నీళ్లన్నీ తాగి, కండువాతో మూతి తుడుచుకుని, వెళ్లి కారెక్కాడు.